బొమ్మ కొంటె దొర వస్తడు

ఆయన పోయిన సంగతి నాకు ఒక బండి గార్డు చెప్పాడు. నేను మేడ్చల్ నుంచి కామారెడ్డికి బదిలీ మీద వచ్చి అప్పటికి కొంత కాలమైంది. గార్డు నీళ్ళ కోసం దిగి, కూజా నిండుతుండగా, "మీ బొమ్మల పటేలు పోయిండు సార్, మేడ్చల్ల అందరు అనుకుంటున్నరు" అన్నాడు, ఏదో వాన పడిందని చెప్పినట్టు. కూజా నిండింది, ఈల వేశాడు, బండి కదిలింది. ఆ పూట టికెట్ల మీద తారీఖు సరిగ్గా కొట్టానో లేదో నాకే తెలియదు.

బొమ్మల పటేలు అన్నది జనం పెట్టిన పేరు. అందులో కొంత వెక్కిరింత ఉండేది. నేనెన్నడూ అలా పిలవలేదు, నాకు ఆయన బాపు. తుర్కపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళో తరి పొలమూ ఆముదం చేలూ ఉన్న రైతు. మనిషి పొడగరి, వంగి నడిచేవాడు. మేడ్చల్ స్టేషన్లో నేను టికెట్లు ఇచ్చే గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఎడ్లబండి మీద స్టేషన్‌కు వచ్చి బొల్లారం టికెట్ కొనుక్కునేవాడు.

టికెట్ కిటికీలో అందరూ చెయ్యి పెడతారు. ఆయన మొహం పెట్టేవాడు. ఆ బొక్కలోంచి నన్ను తేరిపార చూసి, "మంచిగున్నవా బాబూ? ఇంట్ల పిల్లలు మంచిగున్నరా? జొరం తగ్గిందా చిన్నదానికి?" అని అన్నీ అడిగి, నేను చెప్పేదాకా ఆగి, ఆ తర్వాత గానీ ఏ ఊరు పోవాలో చెప్పేవాడు కాదు. వెనక వరస వాళ్ళు గునిసేవాళ్ళు. "ఆగుండ్రి, బండి నేను లేకుండ పోదు" అనేవాడు. నాకు చిరాకేసేది. టికెట్ కొనడానికొచ్చినవాడికి మా చిన్నదాని జ్వరంతో పనేమిటని లోపల విసుక్కునేవాణ్ణి. ఆయన రాని వారాల్లో ఎవరూ ఆ సంగతి అడగకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉండేది.

పొద్దుట వట్టి చేతుల్తో పోయేవాడు. సాయంత్రం రైలు దిగేటప్పుడు చంకలో గొంగడి మూట ఉండేది. మొదటిసారి నేనే ఆపాను. బరువైన సామాను తూకం వేయించాలి కదా. గొంగడి విప్పితే లోపల మూరెడు పొడవు కంచు బొమ్మ. ఎవరో తెల్లదొరసాని నాట్యం చేస్తూ ఉంది. ఒళ్ళూ గౌనూ కంచు, మొహమూ చేతులూ ఏనుగు దంతం, కింద నల్ల చలువరాయి పీట. రైతు చంకలో ఇటువంటిది చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

"ఏంది బాపూ ఇది?"

"హర్రాజుల కొన్న బాబూ. బొల్లారంల దొరలు పోతున్నరు గదా, సామాన్లన్ని హర్రాజు పెడుతున్నరు."

"నీకెందుకిది?"

"కొడుకు కోసం."

పిల్లవాడికి ఆటబొమ్మ అనుకున్నాను. కొడుకు ఎంతటివాడని అడిగాను. "పెండ్లయినోడు" అన్నాడు. "పటాలంల చేరిండు. మలయాకు తోలిండ్రు. సింగపూరు జపానోళ్ళు గుంజుకున్నంక ఉన్నడో లేడో తెలుస్తలేదు." గొంగడి మళ్ళీ చుట్టాడు గానీ బొమ్మ మొహం మాత్రం బయటికే ఉంచాడు. "ఊపిరాడొద్దా మరి" అన్నాడు. అది వేళాకోళమో నిజమో నాకు అర్థం కాలేదు. నవ్వినందుకు సిగ్గేసింది.

సంగతి ఆ తర్వాత మెల్లగా తెలిసింది. యుద్ధం ముగిశాక బొల్లారం, కౌకూర్ బంగళాల్లో ఉన్న తెల్ల అధికారులు ఒక్కొక్కరే ఇంగ్లండు ప్రయాణం కడుతున్నారు. మామూలు రోజుల్లో ఆ గేటు ముందు రైతు నిలబడితే కావలివాడు కర్ర ఎత్తుతాడు. హర్రాజు, అంటే వేలంపాట, ఉన్న రోజున మాత్రం గేటు బార్లా తీసి ఉంటుంది, ఎవరైనా లోపలికి పోవచ్చు. బాపు అలా లోపలికి పోవడం మొదలుపెట్టాడు, కొడుకు సంగతి ఎవరైనా దొరను అడుగుదామని. అయితే దొర ఎక్కడో లోపల గదిలో ఉంటాడు, వసారాలో హర్రాజు పాడించేది సికింద్రాబాదు నుంచి వచ్చిన ఒక సాయిబు. అక్కడ చాలా పూటలు నిలబడి చూసి బాపు ఒక సంగతి పట్టుకున్నాడు. నాకు దాన్ని చాలా గొప్పగా చెప్పాడు.

"కుర్చీ కొంటె దొర రాడు బాబూ. బీరువ కొన్నా రాడు. బొమ్మ కొంటె వస్తడు. తప్పకుండ వస్తడు. వచ్చి దాన్నొక్కపారి ముట్టుకుంటడు. గిది మా తాతది, గిది నా లగ్గంల ఇచ్చిండ్రు, మంచిగ చూసుకో, అని ఏదో ఒకటి చెప్తడు. గప్పుడు నేను అడుగుత."

అందుకని బొమ్మలు. ఒక్క ప్రశ్న అడగడానికి ఒక్కో బొమ్మ. ఊళ్ళో జనానికి ఈ మర్మం తెలియక, కొడుకు బెంగతో పటేలుకు పిచ్చి లేసిందన్నారు. ఆయనా చెప్పలేదు, "ఎవని నోరు వానిది" అని ఊరుకున్నాడు.

దొరల మాట తనకు అర్థం కాదు కాబట్టి నన్ను రమ్మన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా పోయాను. మొదట వేడుక చూడటానికే పోయానని చెప్పాలి. వసారాలో బల్లలు, పింగాణీ, గ్రామఫోను పెట్టెలు, పులితోళ్ళు, ఒక మూల కంచు సామాను. సాయిబు మంచి గొంతున్నవాడు. "కంచు, దంతం, చలువరాయి, మూడూ ఒక్క దాంట్ల! దేఖో భాయ్, దేఖో!" అని అరుస్తుండేవాడు. బొమ్మల దగ్గర బాపుకు పోటీ కంచరివాళ్ళు. వాళ్ళు తూకం లెక్కన కొనుక్కుపోయి కరిగించి చెంబులు పోస్తారు. దంతం ముక్కలు ఊడదీసి పిల్లలకు పారేస్తారట. ఆ మాట విన్నప్పుడు బాపు మొహం ముడుచుకునేది.

ఆయన పాట పాడే తీరు చెప్పాలి. కులపంచాయతీలో సాక్ష్యం చెప్పేవాడు చెయ్యి ఎత్తితే మాట పూర్తయ్యేదాకా దించకూడదట. నేను చూసిన మొదటి హర్రాజులో ఆయన అదే మర్యాద పాటించాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబెట్టాడు. కంచరివాళ్ళు ఎప్పుడో విరమించుకున్నారు, సాయిబు చూసుకోక పాట పెంచుతూ పోయాడు, బాపు చెయ్యి దిగలేదు. వసారా అంతా నవ్వులు. చివరకు సాయిబే సుత్తి కింద పెట్టి, "అరె పటేలా, చెయ్యి దించు. నీ మీద నువ్వే పాడుతున్నవ్, ఇంకెవ్వడు లేడు" అన్నాడు. మొదట చెప్పిన ధరకే ఇచ్చాడు కూడా. ఆ పూట నుంచి బాపు చెయ్యెత్తగానే సాయిబు కళ్ళతోనే, చాలు దించు, అని సైగ చేసేవాడు.

కొన్న బొమ్మను వెంటనే ముట్టుకునేవాడు కాదు. పంచెకు చెయ్యి తుడుచుకుని, వేలి మెటికతో దాని రొమ్ము మీద టక్కున కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. "లోపట ఉత్తదే" అనేవాడు. కుక్క బొమ్మైనా, గుర్రమైనా, దొరసానైనా అదే మాట.

దొర వచ్చేవాడు, లేదా దొరసాని వచ్చేది. అచ్చం ఆయన చెప్పినట్టే వచ్చి బొమ్మ తల నిమిరేవాళ్ళు. అప్పుడు బాపు నా వైపు చూడకుండా తానే అడిగేవాడు, "మై సన్. మలయా." ఆ రెండు ముక్కలూ నేనే నేర్పాను. "నా కొడుకు సంగతి నేను అడగాలె, వాళ్ళు చెప్పేది నువ్వు ఇను" అనేవాడు. వాళ్ళు పాపం ఓపికగానే వినేవాళ్ళు. పటాలం పేరు నేను చెబితే, అది తమ పటాలం కాదనేవాళ్ళు. ఒక దొరసాని ఏడ్చింది కూడా, ఆమె తమ్ముడూ అటే పోయి తిరిగి రాలేదట. బాపు అందరికీ దండం పెట్టి, బొమ్మను గొంగడిలో చుట్టి లేచేవాడు. విసుగు గానీ కోపం గానీ ఆయన మొహంలో నేను చూడలేదు.

ఆ బొమ్మలన్నీ ఇంట్లో ఎక్కడ పెడతాడా అనుకునేవాణ్ణి. ఒకసారి పోయి చూశాను. కొడుకు అర్రలో గోడ పొడుగునా వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన భార్య, నేను అవ్వా అని పిలిచేవాణ్ణి, బట్టలు సరిగ్గా లేని బొమ్మలన్నిటికీ చీర పేలికలు చుట్టింది. "సిగ్గులేని ముండలు, నా కొడుకు అర్రల గిట్ల నిలబడుతరా?" అని తిట్టుకుంటూనే దంతపు మొహాలకు మంచినూనె రాస్తోంది, పగుళ్ళు రాకుండా. "వాడు వస్తె చూసి మస్తు నవ్వుతడు" అని నాతో అంది. కోడలు దర్వాజ దగ్గర నిలబడి వింటోంది. చిన్న పిల్ల. పెళ్ళయ్యాక మొగుడితో ఎన్నాళ్ళు కాపురం చేసిందో ఏమో, అతను పోయి మాత్రం ఏళ్ళు గడుస్తున్నాయి. బొట్టూ గాజులూ ఉన్నాయి, మొహంలో ఏమీ లేదు.

ఆ పిల్ల అన్నలు వచ్చి గొడవ పెడుతున్నారని బాపు తిరుగు దారిలో చెప్పాడు. వాళ్ళ కులంలో మారుమనువు ఉంది. మొగుడు చచ్చిపోతే ఆడపిల్లకు ఇంకో ఇల్లు చూసి పంపుతారు. అయితే మొగుడు పోయాడని తేలాలి. శవం దొరకని మనిషికి గడ్డితో బొమ్మ కట్టి, కాలబెట్టి, దినాలు చెయ్యాలి. అది కానిదే ఆ పిల్లను విడిచిపెట్టేది లేదని కులపెద్దలు అన్నారు. గడ్డి బొమ్మ మాట ఎత్తితే అవ్వ బావిలో దూకుతానంటోంది.

"నా కొడుకు ఉన్నడంటె మేం బతుకుతం" అన్నాడు. "లేడంటె ఆ పిల్ల బతుకుతది. ఏదో ఒకటి తెలువాలె బాబూ. తెలువకుంట ఉంటె ముగ్గురం సచ్చినోళ్ళమే."

అప్పటి నుంచి నేను వేడుక కోసం పోవడం మానేసి, ఆయన కోసమే పోయాను.

కౌకూర్ వైపు ఒక బంగళాలో హర్రాజు జరిగింది ఆ తర్వాతే. ఆ పూట బాపు కొన్నది ఒక ముసలి పాటగాడి బొమ్మ. ఒళ్ళు కంచు, మొహం దంతం, భుజం మీద చెక్కతో చేసిన ఫిడేలు. దొర లోపలినుంచి వచ్చాడు. బాగా చిక్కి ఉన్నాడు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఇది మా అమ్మది, ఫిడేలు విరక్కుండా చూసుకో, అన్నాడు. బాపు తన రెండు ముక్కలూ అడిగాడు.

దొర నా వైపు తిరిగి పటాలం పేరడిగాడు. చెప్పాను. కుర్రవాడి పేరడిగాడు, ఊరడిగాడు. ఊరు చెప్పగానే, షామీర్‌పేట చెరువు దగ్గరా, అన్నాడు. దొర వసారా మెట్టు మీద కూర్చుండిపోయాడు. బాపును పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాడు. తానూ ఆ కుర్రవాడూ ఒకే పటాలమట, ఒకే రోజు ఖైదు పడ్డారట. కుర్రవాడు క్యాంపులో ఎప్పుడూ ఆ చెరువు గురించే చెప్పేవాడట. జ్వరం వచ్చింది, మందు లేదు. పోయేటప్పుడు తాను పక్కనే ఉన్నాననీ, మట్టి చేసిన చోట ఒక కర్ర పాతాననీ చెప్పి, దొర టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇదంతా ఇంగ్లీషులో. బాపు నా మొహం చూడలేదు, దొర మొహమే చూస్తూ కూర్చున్నాడు. నేను తెలుగులో చెప్పడానికి "బాపూ" అన్నానో లేదో, తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టాడు.

"ఈడ చెప్పకు. ఇంటికాడ చెప్పు. ముగ్గురం ఒక్కపారి ఇంటం. నేను ముందుగాల్ల ఇని, వాళ్ళ ముంగట పోయి ఎట్ల నిలబడాలె?"

బొల్లారం నుంచి మేడ్చల్ దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఊరి దాకా, ఆ మాట నా నోట్లోనే ఉంది. బాపు దాని ఊసే ఎత్తలేదు. ఈసారి ఆముదాలు మంచిగ కాసినయన్నాడు. మా చిన్నదానికి పండ్లు వచ్చినయా అని అడిగాడు. షామీర్‌పేట చెరువు కట్ట దగ్గర బండి ఆపి ఎద్దులకు నీళ్ళు పెట్టి, నీళ్ళ వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆయనకు తెలియలేదని ఎలా అనుకోను? అంతా తెలుసు. తెలిసినా చెవులతో వినలేదు కాబట్టి కొడుకు చావు ఇంకా నిజం కాలేదు. అటువంటి ప్రయాణం పగవాడికి కూడా వద్దు.

చీకటి పడ్డాక ఇల్లు చేరాం. ఇద్దరు ఆడవాళ్ళనూ పిలిచి చాప మీద కూర్చోబెట్టి, తానూ వాళ్ళ మధ్యన కూర్చుని, "ఇగ చెప్పు బాబూ" అన్నాడు.

చెప్పాను. దొర చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క పెంచకుండా, తగ్గించకుండా చెప్పాను. కోడలు మోకాళ్ళలో తల పెట్టుకుంది, భుజాలు అదురుతున్నాయి. బాపు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. అవ్వ మాత్రం నన్నే చూస్తోంది.

"నువ్వు చూసినవా?" అంది.

"లేదవ్వా. దొర చూశాడట."

"ఈయన చూసిండా?"

"లేదు."

"మరింకేంది" అని లేచి, పొయ్యి దగ్గరికి పోయింది. "చీకటి పడ్డది, నువ్వు సుత తిని పో బాబూ" అంది లోపలినుంచి.

గడ్డి బొమ్మను బాపే కట్టాడు. కులపెద్దలు ఎవరినైనా కట్టమంటామంటే ఒప్పుకోలేదు. చేను గట్టు మీద కూర్చుని, గడ్డి పరకలు ఏరి, కాళ్ళూ చేతులూ పేని, నడుముకు తాడు బిగించాడు. "గిన్ని బొమ్మలు కొన్న బాబూ, గీ ఒక్కటి నా చేతుల్తోని చేస్తున్న" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. పెద్ద మనిషి అంత గట్టిగా ఏడవగా నేను అంతకు ముందు చూడలేదు. నేనూ ఆపుకోలేకపోయాను. అవ్వ ఆ దిక్కుకే రాలేదు. దినాల నాడు అందరూ తిన్నారు, ఆమె ముట్టలేదు. "నా కొడుకు బతికుండంగ వాని దినాల బువ్వ నేను తినాల్నా?" అని పొద్దంతా పస్తులుంది.

కోడలికి బౌరంపేట్‌లో ఒక సంబంధం బాపే చూశాడు. భార్య పోయిన రైతు, నెమ్మదస్తుడు. లగ్గంలో పిల్ల తండ్రి కూర్చోవలసిన చోట ఈ మామ కూర్చున్నాడు. పంపేటప్పుడు ఆ పిల్ల అవ్వ కాళ్ళు పట్టుకుని వదలలేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలని ఏడ్చింది. అవ్వ ఆమెను లేవదీసి, కొంగుతో మొహం తుడిచి చెప్పిన మాట నేను నా చెవులతో విన్నాను.

"వాడు వస్తె నేను చెప్పుకుంట తియ్యి. నువ్వు పో బిడ్డా. మంచిగుండు."

అంతటితో ఆయన బొల్లారం పోవడం మానేస్తాడనుకున్నాను. కొన్ని వారాల తర్వాత మళ్ళీ కిటికీలో మొహం కనబడింది. మా ఇంటి క్షేమం అంతా అడిగి, బొల్లారం టికెట్ అడిగాడు.

"ఎందుకు బాపూ, ఇంకెవరిని అడుగుతవు?" అన్నాను.

"అడుగుడేముంది" అన్నాడు. "హర్రాజు ఉన్ననాడు పోకుంట ఇంట్ల కూసుంటె ముసల్ది బువ్వ ముడుతలేదు. పోయొచ్చిన్నంటె తింటది. సాయిబు పక్కకు కాసేపు నిలబడి వస్త. వేరే పటాలమోళ్ళంట, తెలువదన్నరంట అని చెప్త. సరే తియ్యి, ఇంకోపారి చూద్దాం అంటది."

నేను టికెట్ ఇచ్చాను. ఇలాగే చాలాసార్లు ఇచ్చాను. బంగళాలు ఒక్కటొక్కటే ఖాళీ అయిపోతున్నాయి, హర్రాజులూ తగ్గిపోతున్నాయి. ఈ ముసలాయన రేపేం చేస్తాడా అని నాకు బెంగగా ఉండేది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

ఒక పొద్దుట అవ్వ కూడా వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకుంది, చేతిలో సద్ది మూట. అంతకు ముందు ఆమె రైలెక్కి ఎరగదు. నన్ను చూసి నవ్వింది.

"నేను సుత పోతున్న బాబూ" అంది. "ఈయన అడిగితె దొరలు చెప్తలేరు. మొగోడు అడిగితె ఎవడు పట్టించుకుంటడు? తల్లి అడిగితె చెప్తరు."

ఆమె వెనక నిలబడి ఉన్నాడు బాపు. ఆమె తల మీదుగా నన్ను చూసి, ఏమీ అనవద్దని కళ్ళతోనే బతిమిలాడాడు. ఆమె కొడుకు పోయాడని నా నోటితో నేనే చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆమె నా ముందు నిలబడి బండి ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

"వస్తుందవ్వా, ఇంక కాసేపట్లో" అన్నాను.

"రెండియ్యి బిడ్డా" అన్నాడు బాపు. తారీఖు కొట్టి రెండు టికెట్లు ఇచ్చాను.